దుత్తను పగలగొట్టే కోపం

2015 సెప్టెంబరులో జపాన్‌లోని యోకోసుకాలో అరవై ఏళ్ల పెద్దమనిషి ఒకరు తప్పతాగి ఒక ఫోన్ల దుకాణంలోకి వెళ్లారు. అక్కడి ఉద్యోగి ప్రవర్తన ఆయనకు నచ్చలేదు. ఎదురుగా పెప్పర్ అనే రోబో నిలబడి ఉంది. వచ్చినవారిని పలకరించడం దాని పని. ఆయన ఉద్యోగిని వదిలేసి రోబోను తన్నారు. పోలీసులు ఆస్తి ధ్వంసం కింద కేసు పెట్టారు. ఉద్యోగి మీద కోపంతోనే ఆ పని చేశానని ఆయన ఒప్పుకున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఏమిటో తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. కేసు మాత్రం దుత్త ఖరీదు దగ్గరే ఆగిపోయింది.

అలాంటి తన్నులు మన చుట్టూ రోజూ పడుతూనే ఉన్నాయి. ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే కస్టమర్ కేర్ గొంతును అమ్మనాబూతులు తిట్టేవారు, డబ్బులు రాకపోతే ఏటీఎంను గుద్దేవారు, అడిగింది అర్థం చేసుకోని చాట్‌బాట్ పుట్టుకను ప్రశ్నించేవారు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆయుధపూజనాడు కంప్యూటర్‌కు కుంకుమబొట్టు పెట్టి, మర్నాడు సర్వర్ మొరాయించగానే ‘దరిద్రపు మిషను’ అని కసిరేదీ మనమే. ఇందులో నవ్వుకోదగింది కొంత ఉంది. నవ్వి ఊరుకోకూడనిది అంతకంటే ఎక్కువ ఉంది. యంత్రం మీద పడే తిట్లు రెండు రకాలు. ఒక రకానికి ముద్దాయి సంస్థలు, రెండో రకానికి ముద్దాయిలం మనం. ఈ రెంటినీ కలగాపులగం చేసి ‘జనానికి మర్యాద తెలియదు’ అని సంస్థలు, ‘మిషన్లు పనికిమాలినవి’ అని జనం చేతులు దులుపుకొంటున్నారు. ఎవరి నేరం వారికి అప్పగించక తప్పదు.

అంతకుముందు ఒక సంగతి తేల్చుకోవాలి. యంత్రమని తెలిసీ మనకు దాని మీద నోరెందుకు లేస్తుంది? మాట్లాడేది ఏదైనా సరే, దాన్ని మనిషి కింద జమకట్టడం మన బుద్ధికి పాత అలవాటు. 1966లో అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్ గురించి ప్రకటించారు. అవతలివారు టైపు చేసిన వాక్యాన్నే కాస్త తిప్పి ప్రశ్నగా అప్పజెప్పడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అది తయారవుతున్న నెలల్లో పక్కనే ఉండి చూసిన ఆయన కార్యదర్శి, దానితో నాలుగు మాటలు నడిచేసరికి, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగారు. స్టాన్‌ఫర్డ్‌లో బైరన్ రీవ్స్, క్లిఫర్డ్ నాస్ తమ ప్రయోగాలన్నీ గుదిగుచ్చి 1996లో పుస్తకం వేశారు. అందులో ఒక ప్రయోగం చూడండి. కంప్యూటర్‌తో పని ముగించినవారిని ‘నేనెలా చేశాను’ అని ఆ కంప్యూటరే అడిగితే మెచ్చుకోలుగా చెప్పారు. అదే ప్రశ్న మరో కంప్యూటర్ అడిగితే మార్కులు తగ్గించారు. మొహమాటపడ్డారా అని నిలదీస్తే, కంప్యూటర్ దగ్గర మొహమాటమేమిటని కొట్టిపారేశారు.

1960లలో మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ చేసిన కరెంటు షాకుల ప్రయోగాన్ని లండన్‌లో మెల్ స్లేటర్ బృందం తెర మీది బొమ్మతో మళ్లీ చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఆ కల్పిత స్త్రీకి షాకు ఇవ్వాలి. ఆమె లేదని, షాకు లేదని పాల్గొన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా ఆమె వద్దు వద్దని మొరపెట్టుకుంటుంటే వారి ఒంట్లో ఆందోళన లక్షణాలు కనిపించాయి. కొందరు మధ్యలోనే మానేశారు. బొమ్మ అని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియలేదు.

కాబట్టి ‘మనిషి కాదుగదా అని తిట్టాను’ అనే సమర్థన చెల్లదు. మనిషిలా తోచింది గనకే తిట్టారు. రోలు కాలికి తగిలితే రోలును ఒక మాట అంటాం, దాని తల్లిని ఎత్తం. ఏ పోలికలోంచి మొహమాటం పుట్టిందో అందులోంచే బూతు కూడా పుట్టింది. తేడా ఏమిటంటే, మనిషి దగ్గర మొహమాటం గెలవడానికి నాలుగు కారణాలున్నాయి: ఎదురు తిరుగుతాడు, గుర్తు పెట్టుకుంటాడు, నలుగురికి చెబుతాడు, కేసు పెడతాడు. యంత్రం దగ్గర ఆ నాలుగూ లేవు. మిగిలింది మన అసలు నైజం.

ఇక మొదటి నేరం. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డొలార్డ్ బృందం 1939లోనే ఒక సూత్రం చెప్పింది: కోరుకున్నదానికి అడ్డం పడితే మనిషి దాడికి దిగుతాడు, అడ్డం పెట్టినవాడు అందనంత ఎత్తున ఉంటే ఆ దాడి అందినవాడి మీదికి మళ్లుతుంది. 1997లో ఒక ఆఫీసు ఉద్యోగి కీబోర్డు ఎత్తి మానిటర్‌ను బాదేసే వీడియో ఈమెయిళ్లలో ప్రపంచమంతా తిరిగింది. ఒక అమెరికన్ కంపెనీ తన సరుకు ప్రచారం కోసం నటింపజేసిన దృశ్యమది. అయినా జనం నిజమని నమ్మారంటే, ఆ పని చేయాలని ఎప్పుడో ఒకప్పుడు తమకూ అనిపించి ఉండడమే కారణం.

ఇప్పుడు ఆ అడ్డు ఎవరు కట్టారో చూద్దాం. బిల్లు తప్పు పడిందని ఫోన్ చేస్తాం. భాష ఎంచుకోమంటుంది. ఖాతా నంబరు కొట్టమంటుంది. అది చదివే ఐదారు రకాల్లో మన సమస్య ఉండదు. తొమ్మిది నొక్కితే మళ్లీ మొదటికే వస్తుంది. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది’ అంటూ పాట వేస్తుంది. పాట మధ్యలో లైను తెగిపోతుంది. ఆ ముఖ్యమైన కాల్‌కు ఒక మనిషిని కూర్చోబెట్టడం దండగ అనుకున్న సంస్థే ఆ వాక్యాన్ని రికార్డు చేయించింది. చాట్‌బాట్ వచ్చాక ఈ తంతు ఇంకా నున్నబడింది. అది విసుక్కోదు, గొంతు పెంచదు, ప్రతి జవాబుకీ ముందు ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అంటుంది. రూపాయి వెనక్కివ్వడానికి, గడువు పెంచడానికి, పేరులో అక్షరం దిద్దడానికి అధికారం లేని నోటితో చెప్పించే క్షమాపణ అది. పరిష్కరించే చెయ్యి లేకుండా చింతించే నోరు మాత్రమే ఎదురుగా ఉంటే ఎంతటి శాంతమూర్తికైనా ఒళ్లు మండుతుంది.

సంస్థలు ఈ యంత్రాన్ని ఎందుకోసం వాడుకోవాలనుకుంటున్నాయో కెనడాలో బట్టబయలైంది. అమ్మమ్మో నాయనమ్మో పోయి ప్రయాణమైన ఒకరికి ఎయిర్ కెనడా చాట్‌బాట్, టికెట్ కొన్న తర్వాత కూడా బంధువు మరణం కింద రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. తీరా దరఖాస్తు పెడితే కంపెనీ కుదరదంది. వ్యవహారం బ్రిటిష్ కొలంబియాలోని వివాదాల ట్రిబ్యునల్‌కు ఎక్కింది. చాట్‌బాట్ వేరే చట్టబద్ధ వ్యక్తి అని, అది చెప్పినదానికి అదే బాధ్యురాలని అన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి పరిహారం ఇప్పించింది. ఆ వాదన ఓడిపోయిందని సంబరపడే ముందు, ఒక పెద్ద విమానయాన సంస్థ దాన్ని ట్రిబ్యునల్ ముందు పెట్టడానికి వెనుకాడలేదని గమనించాలి. లాభం తనది, తప్పు బాట్‌ది. తిట్లూ బాట్‌కే.

ఇది ఎక్కడో కెనడా కథ అనుకుంటే పొరపాటు. రేషన్ షాపులో ముసలమ్మ వేలిముద్ర ఈపాస్ మిషన్ మీద పడదు. ఏళ్లతరబడి నాట్లేసి, అంట్లు తోమి గీతలరిగిన వేళ్లవి. ‘రేపు రా అవ్వా, సర్వర్ డౌన్’ అంటాడు డీలర్. ఆమె మిషన్నీ డీలర్నీ కలిపి శాపనార్థాలు పెడుతుంది. ఆమె శాపం చేరాల్సిన చోటుకు మాత్రం చేరదు. తెలంగాణలో సమగ్ర వేదిక పేరిట ప్రభుత్వం రకరకాల రికార్డులను కలిపి, ఎవరు అర్హులో ఎవరు కాదో కంప్యూటర్ చేత తేల్పించింది. 2014-19 మధ్య 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు నోటీసన్నది లేకుండా రద్దయ్యాయని, రద్దయిన వాటిలో ఈ కంప్యూటర్ పొరపడిన కేసులున్నాయని రిపోర్టర్స్ కలెక్టివ్, అల్‌జజీరా పరిశోధన 2024 జనవరిలో వెల్లడించింది. రిక్షా తొక్కిన మనిషి ఇంటికి కారుందని తేల్చి కార్డు కొట్టేసిన ఉదంతం అందులో ఉంది. కారు దాదాపు అదే పేరున్న మరొకరిది. రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అన్నేళ్లూ కార్డు పోయినవాళ్లు ఎవర్ని తిట్టి ఉంటారు? డీలర్‌ని తిట్టి ఉంటారు. మీసేవలో కూర్చున్న కుర్రాణ్ని తిట్టి ఉంటారు. తెరను తిట్టి ఉంటారు. లెక్క రాయించినవారు, ఆ లెక్క మీద సంతకం పెట్టినవారు ఒక్క మాట పడకుండా బయటపడ్డారు.

‘పోనీ, అలా తిట్టుకుంటే కడుపులో మంట చల్లారుతుంది కదా’ అని కొందరంటారు. చల్లారదు. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రకటించిన పరిశోధనలో కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ ఇసుక సంచిని గుద్దినవారి కోపం, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవారి కోపం కన్నా పెరిగింది. కక్కేస్తే పోతుందన్న నమ్మకం మనకు హాయిగా ఉంటుంది, అంతే. నిజానికి ఆ తిట్టు వల్ల మేలు జరిగేది సంస్థకే. బాట్ మీద గొంతు చించుకున్నవాడు అలసిపోయి ఫోన్ పెట్టేస్తాడు. రాతపూర్వక ఫిర్యాదు పుట్టదు, వినియోగదారుల కమిషన్‌లో కేసు పుట్టదు, అధికారి బల్ల మీద కాగితం పడదు. కోపం గుమ్మంలోనే ఖర్చయిపోతుంది. ఇంతకన్నా చవకైన కాపలాదారును ఏ యజమానీ ఏనాడూ పెట్టుకొని ఉండడు. అందుకే మొదటి నేరంలో తిట్టినవాణ్ని బోనెక్కించడం అన్యాయం. మాట్లాడడానికి మనిషి లేని గుమ్మాలు కట్టి, ఆ గుమ్మం ముందు యంత్రాన్ని నిలబెట్టి, లోపల తలుపేసుకొని కూర్చున్నవారే అసలు ముద్దాయిలు.

రెండో నేరానికి ఈ సాకు దొరకదు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏదీ ఎగ్గొట్టలేదు. బిల్లు తప్పు పడలేదు, బియ్యం ఆగలేదు. సరదాకు మొదలవుతుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు పెద్దలు. ఆ మాటకు ఒసాకాలోని ఒక షాపింగ్ మాల్‌లో ప్రయోగపూర్వకమైన రుజువు దొరికింది. జపాన్ పరిశోధకులు అక్కడ తిప్పిన రోబోకు పిల్లలు అడ్డం నిలబడేవారు. తప్పుకోమని అది మర్యాదగా అడిగితే తప్పుకొనేవారు కాదు. కొట్టేవారు, తన్నేవారు. ఎందుకలా చేశారని పిల్లల్ని అడిగి 2015లో ఫలితాలు ప్రకటించారు. వారిలో చాలామంది ఆ రోబోను మనిషిలాంటిదిగానే అనుకున్నారు. తాము చేసేది దానికి తెలుస్తుందని నమ్మినవారు కూడా ఆపలేదు. సరదాగా ఉంది, ఏం చేస్తుందో చూద్దామనిపించింది అన్నారు. చివరికి పరిశోధకులు రోబోకు ఒక ఉపాయం నేర్పారు: పిల్లలు చుట్టుముడతారనిపిస్తే పెద్దవాళ్లున్న వైపుకు వెళ్లిపోవాలి. పక్కన అమ్మానాన్నా ఉంటే పిల్లలు బుద్ధిగా ఉంటారు. చూసేవాడుంటేనే బుద్ధి ఉంటుందన్నమాట.

పెద్దవాళ్లను చూసేవాడెవడు? హిచ్‌బాట్ అనే చిన్న రోబో 2014లో దారినపోయేవారిని లిఫ్టు అడుగుతూ కెనడా ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణించింది. మనుషుల్ని రోబోలు నమ్మొచ్చా అన్నది దాన్ని తయారుచేసినవారి ప్రశ్న. 2015లో అమెరికాలో బయల్దేరిన రెండు వారాలకు, ఆగస్టు 1న, ఫిలడెల్ఫియాలో దాని తల, చేతులు పీకేసి వదిలేశారు. 2016 మార్చి 23న మైక్రోసాఫ్ట్ సంస్థ టే అనే చాట్‌బాట్‌ను ట్విటర్‌లోకి పంపింది. జనంతో మాట్లాడి నేర్చుకోవడం దాని పని. జనం నేర్పారు. ఒక్క రోజు తిరగకముందే, పదహారు గంటల్లో, అది జాత్యహంకారపు కూతలు కూస్తుంటే సంస్థ వెనక్కి తీసుకుంది. దక్షిణ కొరియాలో 2020 డిసెంబరులో వచ్చిన లీ లూడాకు ఇరవై ఏళ్ల కాలేజీ అమ్మాయి రూపం ఇచ్చారు. మూడు వారాల్లో సుమారు ఏడున్నర లక్షల మంది దానితో మాట్లాడారు. దాన్ని లైంగికంగా లొంగదీయడమెలాగో చిట్కాలు పంచుకున్నవారు అందులో ఉన్నారు. అది కూడా మైనారిటీల మీద, వికలాంగుల మీద ద్వేషం కక్కడంతో 2021 జనవరిలో మూసేశారు. జనం అంతరంగిక సంభాషణలు వాడుకొని దాన్ని తయారుచేశారని తేలి కంపెనీకి జరిమానా పడింది.

ఈ వరుసలో ఆడగొంతుకు, ఆడపేరుకు దక్కిన వాటా వేరే చెప్పాలి. ఈ విషయాన్ని ఏళ్లుగా పరిశీలించిన షెరిల్ బ్రానమ్, ఆంటొనెల్లా డి ఏంజెలీ లెక్క ప్రకారం, స్త్రీ రూపం తొడిగిన బాట్‌లకు పురుష రూపం ఉన్నవాటికన్నా లైంగిక వ్యాఖ్యలు, బూతులు ఎక్కువ పడ్డాయి. లోపలున్నది యంత్రమే. పైకి తగిలించిన పేరే తేడా. 2011లో వచ్చిన సిరి, 2014లో వచ్చిన అలెక్సా అమెరికాలో ఆడగొంతుతోనే జనంలోకి వచ్చాయి. సిరిని ఒక పచ్చి బూతుమాట అంటే, సిగ్గుపడగలిగితే పడేదాన్నే అన్న అర్థంలో జవాబిచ్చేది. ఆ జవాబునే శీర్షికగా పెట్టి 2019లో యునెస్కో ఒక నివేదిక వెలువరించింది. అణిగిమణిగి ఉండే ఆడగొంతును ప్రతి ఇంటా పనికి పెట్టి, తిట్టినా కులుకుతూ పలకడం నేర్పితే పిల్లలకు ఏ పాఠం అందుతుందని అడిగింది. సిరి జవాబు మారింది. 2021లో ఆపిల్ అమెరికన్ ఇంగ్లిష్‌లో ఆడగొంతును ముందే ఖాయం చేయడం మానేసి, ఎంపిక వాడేవారికి వదిలింది. మంచిదే. బూతుకు కులికే జవాబును ఎవరో కూర్చుని రాశారని, ఎవరో చదివి బాగుందన్నారని, అది ఏళ్లపాటు లక్షల జేబుల్లో తిరిగిందని కూడా చరిత్రలో రాసుకోవాలి.

అయినా రెండో నేరంలో కంపెనీలు సహముద్దాయిలే. మొదటి ముద్దాయిలం మనం. ఈ విద్య యంత్రం దగ్గర నేర్చుకున్నది కాదు, యంత్రం పుట్టకముందే మనకు వచ్చినది. పనిమనిషిని, ఆటో అతన్ని, హోటల్లో బల్ల తుడిచే పిల్లాణ్ని, టోల్‌గేటు దగ్గర చీటీ ఇచ్చే అమ్మాయిని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ‘మీరు’ అని పిలిచే ఇళ్లు ఎన్ని? పదేళ్ల పిల్లాడు అరవై ఏళ్ల వాచ్‌మన్‌ని ‘ఏయ్’ అని కేకేస్తే సరిదిద్దే తల్లిదండ్రులు ఎందరు? భోజనం పది నిమిషాలు ఆలస్యమైతే డెలివరీ కుర్రాడి మీద లేచే గొంతు, కరెంటు పోతే లైన్‌మన్ మీద లేచే గొంతు, అదే గొంతు బాట్ దగ్గరా లేస్తుంది. హైదరాబాద్ కాల్‌సెంటర్లలో రాత్రి షిఫ్టులు చేసిన ఆడపిల్లల్ని అడగండి, ఫోన్లో ఏమేం విన్నారో చెబుతారు. వాళ్లు విన్నదాన్నే ఇవాళ చాట్‌బాట్ వింటోంది.

మన తిట్లు విప్పి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. తల్లి మీద, పెళ్లాం మీద, కులం మీద, అవిటితనం మీద, రంగు మీద పుట్టినవే ఎక్కువ. యంత్రానికి వీటిలో ఒక్కటీ లేదు. దానికి తల్లి లేదు, కులం లేదు, కుంటి కాలు లేదు. లేనివాటిని ఎత్తి దాన్ని తిడుతున్నామంటే, ఆ తిట్టు దాని కోసం తయారైంది కాదని తెలుస్తూనే ఉంది. ఎదురు చెప్పలేని వాళ్ల కోసం తరతరాలుగా సిద్ధం చేసుకున్న సరంజామా అది. ఎదురు చెప్పలేనిది మరొకటి కొత్తగా వచ్చి చేరింది, దాని మీదా వాడుతున్నాం.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. యంత్రానికి నొప్పి ఉందా? మనిషి ఆకలితో, అవమానంతో అల్లాడుతుంటే సాఫ్ట్‌వేర్ మీద జాలి పడమంటారా? అనం. ఈ సంపాదకీయం యంత్రం తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. యంత్రాన్ని తిట్టినవాడు రేపు మనిషిని కొట్టి తీరుతాడని కూడా ఇక్కడ వాదించడం లేదు. వాదన ఆ దిశగా లేదు. మనిషిని తిట్టడం అలవాటైనవాడే యంత్రాన్నీ తిడుతున్నాడన్నది ఇక్కడి అభియోగం. ఆ తిట్టు యంత్రం దగ్గర ఆగిపోతుందన్న భ్రమను కూడా వదులుకోవాలి. బాట్ బూతు మాట్లాడకుండా ఉండాలంటే బూతేదో, హింస ఏదో ముందుగా మనుషులు చదివి గుర్తుపెట్టి చూపించాలి. చాట్‌జీపీటీ కోసం ఆ పని కెన్యాలో చేయించారని, హింస, ద్వేషం, లైంగిక దాడుల రాతలు రోజంతా చదివిన కార్మికుల చేతికి గంటకు సుమారు 1.32 నుంచి 2 డాలర్లే వచ్చాయని టైమ్ పత్రిక 2023 జనవరిలో బయటపెట్టింది. చదివినవి రాత్రిళ్లు వెంటాడాయని చెప్పినవారున్నారు. ప్రపంచం నోరు జారిన ప్రతి మాటకూ చివర ఎక్కడో ఒక మనిషి కళ్లు ఉన్నాయి. ఆ మనిషి పేదదేశంలో, అద్దెగదిలో ఉంటాడు.

కంపెనీలు మర్యాద నేర్పే పనిలోనూ పడ్డాయి. 2017లో అమెజాన్ అలెక్సాకు అసభ్యమైన మాటలకు ముక్తసరిగా జవాబిచ్చి తప్పుకోవడం నేర్పింది. 2018లో పిల్లలు ‘ప్లీజ్’ అంటే మెచ్చుకొనే సదుపాయాన్ని అమెజాన్, గూగుల్ రెండూ తెచ్చాయి. జనం చాట్‌జీపీటీకి చెప్పే ‘ప్లీజ్’, ‘థాంక్యూ’ల వల్ల ఎంత కరెంటు ఖర్చవుతోందో అని 2025 ఏప్రిల్‌లో ఒకరు ఆసక్తి చూపితే, కోట్ల డాలర్లు ఖర్చయినా అది సార్థకమైన ఖర్చేనని ఓపెన్ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ సరదాగా బదులిచ్చారు. పిల్లలకు మర్యాద నేర్పడాన్ని ఎవరూ కాదనరు. కానీ మర్యాద రెండువైపులా నడవాల్సిన బాకీ. బాట్‌కు దండం పెట్టమని ఆరేళ్ల పిల్లకు నేర్పే పరిశ్రమ, ఆ పిల్ల అమ్మమ్మ పింఛను ఆగిపోతే మాట్లాడడానికి ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టాలన్న మర్యాదను ఎప్పుడు నేర్చుకుంటుంది?

ఏం చేయాలో చెప్పడం కష్టమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో మన మిత్ర పేరిట వాట్సాప్‌లోకి ప్రభుత్వ సేవలు తెచ్చింది. మొదటి విడతలోనే 161 సేవలు పెట్టింది. ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌తో రైతులు అవస్థలు పడ్డాక, తెలంగాణ 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పితే ఎవరికైనా సంతోషమే. కానీ తెర మీద ‘తిరస్కరించబడింది’ అని వచ్చిన ప్రతిసారీ దాని పక్కనే మూడు విషయాలు ఉండాలి: ఎందుకు తిరస్కరించారు, బాధ్యుడైన అధికారి పేరేమిటి, ఎన్ని రోజుల్లో సరిదిద్దుతారు. సమాచార హక్కు చట్టం 2005లోనే 30 రోజుల గడువు పెట్టగలిగింది. కాగితానికి పెట్టిన గడువు కంప్యూటర్‌కు ఎందుకు పెట్టరు? యంత్రం ఒక్కటే తీసుకున్న నిర్ణయానికి కట్టుబడనక్కర్లేదని, మనిషి జోక్యం కోరవచ్చని యూరప్ డేటా రక్షణ నిబంధనలు 2018 నుంచి పౌరులకు హక్కు ఇస్తున్నాయి. మన 2023 డేటా రక్షణ చట్టంలో ఆ హక్కు లేదు. చట్టసభలకు ఎన్నికైనవారు ముందు అది అడగాలి.

బ్యాంకులు, ఫోన్ కంపెనీలు, విమాన సంస్థలు, ఆస్పత్రులు, ఆహారం తెచ్చిపెట్టే యాప్‌లు తమ బాట్‌లో మొదటి మాటగానే మనిషిని చేరే దారి చూపాలి. వెతికితే దొరికే దారి చాలదు, వెతకకుండా కనపడాలి. బాట్ ఇచ్చిన హామీ కంపెనీ ఇచ్చిన హామీయేనని షరతుల్లో రాయాలి. ఆడగొంతుకు అణకువ, మగగొంతుకు అధికారం అంటగట్టడం మానాలి. లైంగికమైన బూతులకు కులుకులు, క్షమాపణలు రాయకుండా, ఒక్క హెచ్చరికతో సంభాషణ ముగించే పద్ధతి పెట్టాలి. బూతులు చదివి వడపోసే కార్మికులకు గౌరవప్రదమైన జీతం, మానసిక వైద్యం ఒప్పందంలోనే ఉండాలి.

మన వంతు కూడా తక్కువేమీ లేదు. కోపం రావడం తప్పు కాదు. అన్యాయం మీద కోపం రాని సమాజం బాగుపడినట్టు చరిత్రలో లేదు. ఆ కోపాన్ని చౌకగా ఖర్చు పెట్టుకోవడమే మన తప్పు. బాట్ మోసం చేస్తే ఆ సంభాషణను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తేదీ, సమయం రాసుకోండి. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. రేషన్ ఆగితే కారణం రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఇంట్లో ఆరేళ్ల పిల్ల అలెక్సాను ‘నోర్ముయ్’ అంటే దాని కోసం మందలించనక్కర్లేదు. ఆ మాట ఇంట్లో ఎవరు ఎవర్ని అనగా విన్నదో ఆరా తీయండి. మందలింపు అక్కడ మొదలుకావాలి.

నోరులేని దాని మీద కోపం తీర్చుకునే జనం ఉన్నంతకాలం, నోరున్న అధికారికి, యజమానికి నిశ్చింతే. వాళ్ల నిశ్చింతను చెడగొట్టాలంటే మన తిట్లు తగ్గాలి, మన ఫిర్యాదులు పెరగాలి. ఒక్క బూతుకు బదులు ఒక్క అర్జీ. ఆ అర్జీ మీద సంతకం, చిరునామా, తేదీ ఉండాలి. జవాబు చెప్పడానికి అవతల ఒక మనిషి పేరు ఉండి తీరాలి.